మాటల్లేని కోర్టు సీను

ప్రశ్న: అవినీతి నాయకులు, చేయని నేరానికి బలయ్యే అమాయకులు... మూకీల్లో ఇలాంటి మెలోడ్రామాలు చాలా వచ్చాయట. డైలాగే లేకుండా కోర్టు సీను ఎలా పండుతుంది? అంతా అతి నటనే కదా? దేనితో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అతి నటన లేకపోలేదమ్మా. కానీ గ్రిఫిత్ 1916లో తీసిన అమెరికన్ చిత్రం ‘ఇంటాలరెన్స్’లో కోర్టు సీను చూడండి. భర్త మీద హత్య కేసు. భార్యగా వేసిన మే మార్ష్ గుండెలు బాదుకోదు. కెమెరా ఆమె చేతుల దగ్గరికి వెళ్తుంది. వేళ్లు ఒకదాన్నొకటి నలిపేసుకుంటుంటాయి. ముఖం మాత్రం భర్తకు ధైర్యం ఇవ్వాలని నవ్వబోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. పేజీల కొద్దీ డైలాగులు రాసినా అంత టెన్షన్ రాదు.

ఎందుకంటే కాల్చింది ఎవరో మనం ముందే చూశాం. కిటికీ బయట నుంచి ఇంకొకామె అసూయతో రౌడీ నాయకుణ్ణి కాల్చి, తుపాకీ గదిలోకి విసిరేస్తుంది. ఆ భర్త, ఈ కుర్రాడు, దాన్ని చేతిలోకి తీసుకుంటాడు, దొరికిపోతాడు. అంతకుముందే ఆ ముఠా ఇరికించిన దొంగతనం కేసులో జైలుకెళ్లొచ్చినవాడు, అతని మాట ఎవరు నమ్ముతారు? నిజం మనకు తెలుసు, కోర్టుకు తెలియదు. అతని గొంతు మనకూ వినపడదు. ఆ నిస్సహాయతను మూకీ చూపినంతగా టాకీ చూపలేదని నా గట్టి నమ్మకం.

రాజకీయ అవినీతి కావాలంటే లూయిస్ మైల్‌స్టోన్ 1928లో తీసిన ‘ది రాకెట్’ ఉంది. గ్యాంగ్‌స్టర్‌ను పట్టుకున్న నిజాయితీపరుడైన పోలీసు కెప్టెన్‌నే ఊరి చివరి స్టేషన్‌కు బదిలీ చేయిస్తారు. ఎన్నికల్లో ఆ గ్యాంగ్‌స్టర్ అవసరం నాయకులకు ఉంది మరి! తొలి ఆస్కార్లలో ఉత్తమ చిత్రం పోటీలో నిలిచిన సినిమా ఇది. ఈ సినిమా ప్రింట్లు పోయాయని చాలాకాలం అనుకున్నారు. నిర్మాత హోవర్డ్ హ్యూస్ చనిపోయాక ఆయన దాచుకున్న ఫిల్ముల్లో దొరికింది.

మొదలు మాత్రం ‘ఇంటాలరెన్స్’తోనే పెట్టండి. నాలుగు కాలాల కథలు కలగలిసి తికమకగా అనిపిస్తే, ఈ కుర్రాడి కథను 1919లో విడిగా ‘ది మదర్ అండ్ ది లా’ పేరుతో విడుదల చేశారు, అది చూడండి. సంగీతం జతచేసిన ప్రింటే వెతకండి. ఆ రోజుల్లో హాల్లో పియానోనో ఆర్కెస్ట్రానో వాయించేవారు.