సాక్ష్యం నీది కాదమ్మా

ఉత్తరం: మాది హనుమకొండ. నాకు 41 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా క్రైస్తవ నవలలు రాస్తున్నాను, ఐదు అచ్చయ్యాయి. ఇది దేవుడు నాకిచ్చిన పరిచర్య అని నమ్ముతాను. కిందటేడు వచ్చిన నవల బాగా పోయింది. క్రిస్మస్‌కి రెండో ముద్రణ వేద్దామంటున్నారు. కల్పిత కథలు అబద్ధాలతో సమానమని, సాక్ష్యాలు (తమ జీవితంలో దేవుడు చేసింది ఎవరికి వారు చెప్పుకునేవి) మాత్రమే రాయాలని మా సంఘ పెద్దలంటారు. పబ్లిషరేమో బైబిలు వాక్యాలు, ప్రార్థనలు తగ్గిస్తే అందరూ కొంటారంటాడు. మావారు పబ్లిషర్ మాట వినమంటారు. నేనెవరి మాట వినాలి? ఇంకో చిన్న విషయం. ఆ నవలకు ఆధారం మా చెల్లె జీవితం. పేరు మార్చాను. అది అచ్చయినప్పటి నుంచి తను మాతో మాట్లాడటం లేదు, క్రిస్మస్‌కి కూడా అవ్వ దగ్గరికి రాలేదు. అదే సర్దుకుంటుందని మావారు అంటారు.
— ఒక సోదరి

జవాబు:

‘నువ్వు’ అంటున్నందుకు ఏమీ అనుకోకమ్మా, నా పెద్దకూతురి ఈడుదానివి. నీ ఉత్తరం పూర్తిపాఠం ఆరు పేజీలు, ఇక్కడ కొంతే వేశాం. ఐదు పేజీలు సంఘ పెద్దల గురించి, పబ్లిషర్ గురించి. ఆరో పేజీ అడుగున, జాగా అయిపోతుంటే అక్షరాలు చిన్నవి చేసి, చెల్లె సంగతి. దానికి ‘చిన్న విషయం’ అని పేరు. ఆ రెండు మాటల దగ్గర నాకు మనసు చివుక్కుమంది.

నువ్వడిగినదానికి ముందు చెప్పేస్తాను, ఎంతోసేపు పట్టదు. నేను మీ మతందాన్ని కాదు గానీ కాజీపేటలో సిస్టర్ల బడిలో చదువుకున్నాను, బైబిలు కథలు నాకు కొత్త కావు. కల్పిత కథ అబద్ధమైతే యేసు చెప్పిన ఉపమానాలన్నీ ఎటు పోవాలి? ఇంగ్లండులో జాన్ బన్యన్ ‘యాత్రికుని ప్రయాణం’ అనే కల్పిత కథను 1678లో అచ్చు వేయించే ముందు కొందరు వెయ్యమన్నారట, కొందరు వద్దన్నారట. ఆయనే ముందుమాటలో రాసుకున్నాడు. వేయించాడు. మన గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఇక పబ్లిషర్ సంగతి. మీ బైబిల్లో ఎస్తేరు గ్రంథం ఉంది కదా, అందులో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు. అయినా అది బైబిల్లోనే ఉంది. కథకు ప్రార్థన అవసరమైన చోట ఉంచు, లేనిచోట తీసెయ్. అయిపోయింది. ఇది పద్నాలుగేళ్లుగా రాస్తున్నదానివి నన్ను అడగాల్సిన ప్రశ్న కాదు, నీకూ తెలుసు.

ఇప్పుడు చెల్లె గురించి.

నవల మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం జిరాక్స్ తీసి పంపావు. రెండూ రెండుసార్లు చదివాను. నీ చెయ్యి మంచిది తల్లీ. ఆ అమ్మాయి నోట్లో గుండుసూదులు పట్టుకుని, పెదాల మూల నుంచి మాట్లాడుతూ జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీతలు గీయడం. ఎవరైనా కష్టం చెప్పుకుంటే మిషన్ చక్రం మీద అరచెయ్యి పెట్టి ఆపేసి వినడం. ప్రేమ ఉన్నవాళ్లకే అది కనిపిస్తుంది. అందుకే కాశిబుగ్గలో ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునే ఆడవాళ్లందరూ ఒక్క పేజీలో గుర్తుపట్టారు. పేరు మార్చానంటావు. కుట్టుమిషన్ మార్చలేదు, ఏడో తరగతి కొడుకును మార్చలేదు, వదిలేసి పోయిన మొగుణ్ణి మార్చలేదు. బతుకమ్మ పండగ ముందు, చేతినిండా పని ఉన్న రోజుల్లో, కొలతలిస్తూ ఒకావిడ ‘ఆ పుస్తకంలో ఉన్నది నువ్వేనట గదా’ అని అడిగిందని నువ్వే రాశావు. టేపు మెడలో వేసుకుని, ఆ మనిషి నడుం కొలుస్తూ నీ చెల్లె ఏం జవాబు చెప్పి ఉంటుందో ఊహించావా? నవలలు రాసేదానివి కదా, అది ఊహించు.

చివరి అధ్యాయంలో ఆమెను గుడ్‌ఫ్రైడే ఆరాధనలో సంఘమంతటి ముందు నిలబెట్టావు. తండ్రి మాట కాదని పెళ్లి చేసుకున్నందుకే తనకీ గతి పట్టిందని ఆమె చేత చెప్పించి ఏడిపించావు. పదకొండు పేజీలు. మీ చెల్లె నిజంగా ఎక్కడా అలా నిలబడలేదు, ఎవరికీ అలా చెప్పలేదు. తప్పిపోయిన కుమారుడి కథే మాదిరి అంటున్నావు, ఆ కథ మళ్లీ తీసి చూడు. కొడుకు దారి పొడుగునా ఒక మాట సిద్ధం చేసుకుంటూ వస్తాడు, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో అని. తండ్రి ఎదురు పరిగెత్తి మెడ మీద పడతాడు. కూలివాళ్ల మాట దాకా కొడుకు రానేలేదు, తండ్రి వస్త్రం తెమ్మని కేకేశాడు. అక్కడ ఊరందరి ముందు పదకొండు పేజీలు లేవమ్మా.

సాక్ష్యం అనే మాట మీకు ప్రాణం. అది ఎవరికి వారు లేచి చెప్పుకోవాలి. చెల్లె తరఫున అక్క చెప్పే సాక్ష్యం ఏ సంఘంలో ఉంది?

నాకు 19 ఏళ్లప్పుడు ఖాయమైన పెళ్లి తప్పిపోయింది. మా చిన్నాయిన ఆ సంగతి ప్రతి శుభకార్యంలోనూ ఆడపిల్లలకు బుద్ధి చెప్పడానికి ఎత్తేవాడు. మంచికే చెప్పేవాడు, మనిషి చెడ్డవాడు కాదు. ఒక పెళ్లిలో విస్తట్లో అన్నం వదిలేసి లేచి వచ్చాను. ఇప్పుడు నాకు 67. ఆ విస్తరి నాకింకా కళ్లముందే ఉంది.

ఇంకొకటి. నాలుగో పేజీలో ఒక వాక్యం రాసి కొట్టేశావు, కానీ పెన్ను గట్టిగా ఆనలేదు, చదవడానికి వచ్చింది. “నాన్న కోపానికి భయపడి నేను నాలుగేళ్లు దానికి ఫోన్ చెయ్యలేదు.” మీ నాన్న రైల్వేలో పనిచేసి, రిటైరై, చిన్నబిడ్డతో మాట్లాడకుండానే పోయాడు. ఆ నాలుగేళ్లలోనే దాని భర్త వెళ్లిపోయాడు. దానికి అక్క అవసరమైన కాలం అదే. మరి నవలలో ఆ అమ్మాయి ఒక్కతే కూతురు! అక్కే లేదు. పక్కింటి బామ్మను పెట్టావు, పాస్టరమ్మను పెట్టావు, కాజీపేట స్టేషన్‌లో టీ అమ్మే పిల్లాణ్ణి పెట్టావు. నిన్ను మాత్రం తీసేసుకున్నావు. నువ్వు ఒప్పుకోవాల్సిన తప్పును దాని నోట పెట్టి, దాని చేత క్షమాపణ చెప్పించావు. కావాలని చేశావనను. చేశావు.

దావీదు రాజు దగ్గరికి నాతాను ప్రవక్త వచ్చి చెప్పిన కథ నీకు కంఠతా వచ్చి ఉంటుంది. మందలున్న ధనవంతుడు ఇంటికి చుట్టం వస్తే, తన గొర్రెల జోలికి పోకుండా, పేదవాడు ఒళ్లో పెట్టుకు పెంచిన ఒక్క గొర్రెపిల్లను తెచ్చి వండించాడు. రాజు మండిపడ్డాడు. ఆ మనిషివి నువ్వేనన్నాడు నాతాను. అదీ కల్పిత కథే, మీ సంఘ పెద్దలకు కావలిస్తే చెప్పు. కానీ నాతాను ఆ కథను తప్పు చేసినవాడి మొహం మీద చెప్పాడు. రాజు లాక్కున్న పరాయివాడి భార్య బత్షెబను తెచ్చి బజార్లో నిలబెట్టలేదు. నీకు మందలున్నాయి తల్లీ: నీ భయాలు, నీ కాపురం, నీ తండ్రి, పద్నాలుగేళ్ల రాత. చెల్లెకు ఉన్నది ఆ ఒక్క కథ. పాఠకులనే చుట్టాలకు దాన్ని వండిపెట్టావు.

నీ నవల చదివి మంచిర్యాల అమ్మాయి ఒకామె చావాలనుకున్నది మానుకున్నానని ఉత్తరం రాసిందన్నావు. నమ్ముతాను, సంతోషించాను. రాయడం మానొద్దు. కానీ ఆ ఉత్తరాన్ని చెల్లెకు చూపించి ‘చూడు, ఎంత మేలు జరిగిందో’ అనొద్దు. అది బేరం అవుతుంది.

రెండో ముద్రణ ఆపించు. పబ్లిషర్‌కు నష్టం వస్తే నువ్వు కట్టు. ఆయన ఊరుకోకపోతే చివరి అధ్యాయం మార్చి, ఆనవాళ్లు తీసేసి, అదీ చెల్లెను అడిగాకే వేయించు. ఆమె వద్దంటే వద్దు. మీవారు ‘అదే సర్దుకుంటుంది’ అంటున్నారు, ఆయన తోబుట్టువు విషయంలో అలా అనగలరా? ఈ విషయంలో ఆయన మాట పక్కన పెట్టు. అవ్వను మధ్యవర్తిగా పంపకు. ఆ ముసలి ప్రాణం ఇద్దరు బిడ్డల మధ్య ఆటోలో తిరగడం న్యాయం కాదు. పాస్టరుగారినీ తీసుకుపోవద్దు.

ఒక్కదానివే పో. పుస్తకం పట్టుకుపోకు. చెల్లె కొడుక్కి తినడానికి ఏదైనా తీసుకుపో, చెల్లెకు చీర మాత్రం ఇప్పుడే కాదు, లంచంలా ఉంటుంది. అక్కడ కూర్చుని పైకి ప్రార్థన చెయ్యకు, ఇంటి దగ్గర చేసుకుని పో. ఆ నాలుగేళ్ల సంగతి ముందు చెప్పు, నవల సంగతి తర్వాత. ‘నీ మేలు కోసమే రాశా’ అనే మాట నోట రానీయకు. ఆమె తిడితే విను. తలుపు తియ్యకపోతే ఇంటికొచ్చి వారం ఆగి మళ్లీ పో. చిన్నప్పుడు నీ జడలు అదే వేసేదని రాశావు, పెద్దదానివి నువ్వయినా. ఆ పిల్ల అంత తొందరగా నిన్ను వదిలేయదని నా నమ్మకం, కానీ వదిలేసినా నువ్వు పోవాల్సిందే.

నవలలో లేని ఆ అక్క గురించి ఎప్పుడో ఒకనాడు రాస్తావు. ముందు పని ఇది. సోమవారాలు దుకాణం తెరవదని నువ్వే రాశావు. పిల్లవాడు బడికి పోయాక, పదింటికి పో.