టైప్ 1 డయాబెటిస్ ఉండి హాఫ్ మారథాన్‌కి ట్రైనింగ్ చేస్తున్నాను. షుగర్ పడిపోకుండా తిండి పెంచాలా, ఇన్సులిన్ తగ్గించాలా?

ఇన్సులినే తగ్గించాలి. తిండి సంగతి ఆ తర్వాత.

మీరు రాసింది చూస్తే సాయంత్రం ఆఫీసు నుంచి పీజీకి వచ్చి, కడుపునిండా టిఫిన్ తిని, దానికి సరిపడా ఇన్సులిన్ వేసుకుని, గంట ఆగి పరుగుకి బయల్దేరుతున్నారు. మూడో కిలోమీటరుకే షుగర్ డౌన్ అవుతోందంటున్నారు. అవ్వదా మరి? భోజనానికి ముందు వేసుకునే ఫాస్ట్ ఇన్సులిన్ పావుగంటలో పని మొదలుపెడుతుంది, గంట నుంచి రెండు గంటల మధ్య మంచి జోరు మీద ఉంటుంది, పూర్తిగా దిగిపోవడానికి మూడు నుంచి ఐదు గంటలు పడుతుంది. మీరు సరిగ్గా ఆ జోరులోనే బూట్లు కట్టుకుంటున్నారు. పైగా పరిగెత్తే కండ ఇన్సులిన్‌తో పని లేకుండానే రక్తంలోంచి గ్లూకోజ్ లాగేసుకుంటుంది. మామూలు మనుషులకి పరుగు మొదలవగానే ఒంట్లో ఇన్సులిన్ దానంతట అదే తగ్గుతుంది. మన ఒంట్లో ఇన్సులిన్ తయారవదు, ఒకసారి పొడుచుకున్నాక ఆ కుళాయి కట్టేసే వీల్లేదు. తొడకి పొడుచుకుని పరిగెత్తితే ఇంకా తొందరగా ఎక్కుతుంది, అది మాత్రం చేయకండి.

అందుకే నా మాట ఒక్కటే. తెల్లవారుజామున, బ్రేక్‌ఫాస్ట్ ఇన్సులిన్ వేసుకోకముందు పరిగెత్తండి. రాత్రి భోజనానికి వేసుకున్నది అప్పటికి దిగిపోయి ఉంటుంది, ఒంట్లో రోజంతా మెల్లగా పనిచేసే బేసల్ ఇన్సులిన్ ఒక్కటే ఉంటుంది. సాయంత్రం పరుగు, ఇన్సులిన్ తయారుచేసే ప్యాంక్రియాస్ పనిచేసేవాళ్ల విలాసం అని నా అభిప్రాయం, దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను. సాయంత్రం తప్ప కుదరదంటే పరుగుకి ముందు గంటన్నర లోపు తినే తిండికి డోసు తగ్గించుకోవాలి. పరుగు ఎంతసేపు, ఎంత వేగం అన్నదాన్ని బట్టి పావు వంతు నుంచి ముప్పావు వంతు దాకా తగ్గించమంటారు. మీకెంత అన్నది మీ డాక్టర్ దగ్గర కూర్చుని తేల్చుకోండి. బేసల్ మాత్రం మానేయకండి. "పరిగెత్తుతున్నా కదా, ఈ రోజుకి సూది వద్దులే" అనుకునేవాళ్లు కీటోన్లు (ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వుని కరిగిస్తే పుట్టే ఆమ్లాలు) పెరిగి ఎమర్జెన్సీ వార్డులో తేలతారు.

అంకెలు కావాలన్నారు కాబట్టి చెబుతున్నా. 2017లో లాన్సెట్ వాళ్ల డయాబెటిస్ పత్రికలో నిపుణులంతా కలిసి టైప్ 1 వాళ్ల వ్యాయామం గురించి సూచనలు రాశారు. మా డాక్టరమ్మ ప్రింట్ తీసి చేతిలో పెట్టింది. పరుగు మొదలుపెట్టేటప్పుడు షుగర్ 126 నుంచి 180 మధ్య ఉంటే మంచిది. 270 దాటి ఉంటే ముందు కీటోన్లు చూసుకోవాలి. దూరం పరుగుల్లో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతూ ఉండాలి. ఒక్కో పార్లే-జి బిస్కెట్‌లో నాలుగు గ్రాముల చిల్లర ఉంటుంది, ఇక లెక్క మీరే వేసుకోండి. పల్లీ చిక్కీ, చాక్లెట్ వద్దు. వాటిలోని కొవ్వు చక్కెరని తొందరగా ఎక్కనివ్వదు. రేసు రోజు స్టార్టింగ్ దగ్గర ఏమీ తినకుండానే 210 చూపిస్తే కంగారుపడి ఇన్సులిన్ పొడుచుకోకండి. అది టెన్షన్ షుగరు. అడ్రినలిన్ లివర్‌లోంచి తోసిన గ్లూకోజ్ అది, పరుగు అందుకున్నాక చాలావరకు అదే దిగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి.

ఒక ఆదివారం మా గ్రూపుతో బెంగళూరు కబ్బన్ పార్కులో మొదలుపెట్టి, హలసూరు చెరువు దాకా వెళ్లి వెనక్కి వస్తున్నాం. ముందు రోజు సాయంత్రం ఆఫీసువాళ్లతో గట్టిగా బ్యాడ్మింటన్ ఆడాను. అలా ఆడాక ఒక రోజు దాకా కండలు గ్లూకోజ్ కోసం ఆవురావురుమంటూనే ఉంటాయి. ఎంజీ రోడ్ మెట్రో దాటాక చెమటలు, గుండె దడ. పరిగెత్తేవాళ్లకి ఉన్న తిప్పలే అది, షుగర్ లో అయినప్పుడు కనపడే లక్షణాలన్నీ పరుగులో ఎలాగూ ఉంటాయి. నాకు మాత్రం ఒక గుర్తు ఉంది. అనంతపురం వాళ్లం, కన్నడ బోర్డులు కూడబలుక్కోకుండా చదివేస్తాం. ఆ రోజు ఎదురుగా ఆగిన బస్సు బోర్డు మీద అక్షరాలు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి, కలిపితే ఊరి పేరు కావడం లేదు. పెదాల చుట్టూ తిమ్మిరి. చేతికి అంటించుకున్న షుగర్ సెన్సర్ చూస్తే 88, కింది వైపు బాణం. సెన్సర్ చదివేది రక్తాన్ని కాదు, చర్మం కింది నీటిని. షుగర్ వేగంగా పడేటప్పుడు అది వెనకబడుతుంది. ఇక ఆగిపోయి ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను.

గ్రూపులో నెల్లూరు అన్న ఒకాయన ఉన్నాడు, మంచి మనిషి. పరిగెత్తుకుంటూ వచ్చి ఏలక్కి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టాడు. సగం తిన్నానో లేదో, నా నడుం పౌచ్‌లోంచి మీటరు తీసి, స్ట్రిప్ గుచ్చి, వద్దనేలోపే నా వేలికి లాన్సెట్ సూది పొడిచాడు. అరటిపండు పట్టుకున్న వేలే. మీటరు 236 చూపించింది. ఆయన మొహం మారిపోయింది. "ఇంక తినబాకమ్మా, 236 ఉంది. ఇన్సులిన్ ఉందా బ్యాగులో? ఏసుకో ముందు" అని మిగిలిన సగం పండు లాగేసుకున్నాడు.

చుట్టూ నలుగురూ తలలూపుతున్నారు. ఆ క్షణాన నాకే అనుమానం వచ్చింది, ఎక్కువే ఉందేమోనని. లో అయినప్పుడు బుర్ర అంత మొద్దుబారుతుంది. కానీ వేలు జిగురుగా తగులుతోంది. బాటిల్లో నీళ్లు ఒంపి చెయ్యి కడుక్కుని, టీషర్టుకి తుడుచుకుని, పక్క వేలికి మళ్లీ పొడుచుకున్నాను. మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క పెట్టాను. 52.

వేలి మీద అంటిన అరటిపండు చక్కెర రక్తపు చుక్కలో కలిసి 236 చూపించిందన్నమాట. ఆ అంకెని నమ్మి అక్కడ నాలుగు యూనిట్లు వేసుకుని ఉంటే నేనిప్పుడు ఈ జవాబు రాసేదాన్ని కాదు. గ్లూకాన్-డి మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగాను. పావుగంట ఆగి చూస్తే 74, ఇంకోసారి తాగాక 101. ఈలోపు ఎవరో ఎళనీరు కొట్టించి తెచ్చారు. మర్యాదకి తాగాను గానీ కొబ్బరి నీళ్లలో చక్కెర తక్కువే, లో అయినప్పుడు దాన్ని నమ్ముకోలేం. అన్న మాత్రం ఆ రెండు అంకెలూ చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు మా గ్రూపులో ఎవరైనా మీటరు పట్టుకుంటే "ముందు చెయ్యి కడగండి" అని అరిచేది ఆయనే.

ఆయన్ని అనడానికి ఏం లేదు. వాళ్ల నాన్నకి షుగర్ ఉంది, టైప్ 2. ఇంట్లో ఆయన చిన్నప్పటి నుంచి చూసింది పెరిగే షుగరే. షుగర్ అంటే పెరిగేదే, తగ్గించాల్సిందే, తీపి ముట్టకూడదు. మన జనానికి తెలిసిన షుగర్ అదొక్కటే. నాకు ఇంటర్‌లో వచ్చిందంటే "చిన్నప్పుడు స్వీట్లు బాగా తినేదానివా?" అని అడిగినవాళ్లు ఎంతమందో. కాకరకాయ రసం, మెంతులు, నేరేడు గింజల పొడి సరేసరి. మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఆంటీ "పరిగెత్తుతున్నావుగా, ఇంకో ఏడాదికి ఇన్సులిన్ మానేయొచ్చు" అంటుంది, ఆశీర్వదిస్తున్నట్టు. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా మనలాంటివాళ్లు బతికేవాళ్లే కాదని ఆవిడకి ఎలా చెప్పను?

మీ డాక్టరు "వాకింగ్ చాలు, ఈ పరుగులెందుకు" అన్నారని కూడా రాశారు. డాక్టర్ని మార్చండి. నా మొదటి డాక్టరూ అదే పాట. రోజంతా అరవై దాటినవాళ్లని చూసి చూసి అందరికీ అదే చీటీ. వసీం అక్రమ్‌కి షుగర్ అని తేలింది 1997లో, ఆ తర్వాత 2003 వరల్డ్ కప్ దాకా బౌలింగ్ వేశాడు. అమెరికా స్విమ్మర్ గ్యారీ హాల్ జూనియర్‌కి టైప్ 1 అని 1999లో తెలిసింది. 2000 సిడ్నీలో, 2004 ఏథెన్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ గోల్డ్ తెచ్చుకున్నాడు. ఇంకో తమాషా, ఇన్సులిన్ అంతర్జాతీయ డోపింగ్ నిషేధ జాబితాలో ఉంది. మనలాంటి క్రీడాకారులు ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. మనం ప్రాణం నిలుపుకోడానికి పొడుచుకునేది, ఎవరో కండలు పెంచుకోడానికి దొంగచాటుగా వాడతారట.

ఊళ్లో మెడికల్ షాపుల గురించి కూడా ఒక మాట. ఇన్సులిన్ పెన్ను కాట్రిడ్జ్ దొరకని ఆదివారం వయల్, అంటే మందు సీసా ఇస్తారు. మన దగ్గర వయల్స్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్ల రకం, పెన్నులో ఉండేది 100 యూనిట్ల రకం. వయల్‌కి ఎర్ర మూత సిరంజి, పెన్ను మందుకి నారింజ మూత సిరంజి. నా పక్కనే ఒక షాపు కుర్రాడు వయల్‌తో పాటు నారింజ మూతది కట్టిచ్చాడు ఒక పెద్దాయనకి. దాంతో పది గీత దాకా లాగితే లోపలికి పోయేది నాలుగు యూనిట్లే. అదే 100 రకం మందుని ఎర్ర మూత సిరంజితో లాగితే పదికి ఇరవై అయిదు పోతుంది. ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

మీరు అడగనిది ఒకటి నేను అడుగుతాను. మీతో పరిగెత్తేవాళ్లలో ఎంతమందికి తెలుసు మీకు టైప్ 1 అని? మీ ప్రశ్నలో "ఫ్రెండ్స్‌కి చెప్పలేదు" అని బ్రాకెట్లో రాశారు. నేను ఆగింది అక్కడే, ఇంత జవాబు రాస్తున్నదీ అందుకే. ఆ రోజు అన్నకి సగం తెలిసి పొరపాటు చేశాడు, నిజమే. అసలేమీ తెలియకపోయి ఉంటే ఎండకి కళ్లు తిరిగాయనుకుని మొహాన నీళ్లు చల్లి కూర్చోబెట్టేవాళ్లు.

ఎందుకు చెప్పరో నాకు తెలుసు. మా అమ్మా అంతే. "యాడా ఎవురికీ చెప్పాకు, సంబంధాలు చూస్తాండాం" అంటుంది ఫోన్లో. చేతి మీద సెన్సర్ కనపడుతుందని రేసు ఫోటోలకి ఫుల్ హ్యాండ్స్ టీషర్టు వేసుకోమంటుంది, ఏప్రిల్ ఎండలో. నేను స్లీవ్‌లెస్సే వేసుకుంటాను. రేసు నంబరు ఉండే బిబ్ వెనకాల పెద్ద అక్షరాలతో "టైప్ 1, ఇన్సులిన్ వాడతాను" అని స్కెచ్ పెన్నుతో రాస్తాను. ఒక సంబంధం వాళ్లు ఆ ఫోటో చూసి ఆరా తీసి తప్పుకున్నారు కూడా. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకైతే పెళ్లిచూపుల టిఫిన్ ఖర్చు మిగిలింది.

పీజీలో మీ పక్క మంచం అతనికి ముందు చెప్పండి. లాంగ్ రన్ చేసిన రాత్రి నిద్రలోనే షుగర్ పడేది ఎక్కువ, పరుగయ్యాక ఏడు నుంచి పదకొండు గంటల్లో కూడా పడొచ్చు. సాయంత్రం పరిగెత్తే మీకు అది సరిగ్గా నడిరాత్రి అవుతుంది. ఆ రాత్రికి బేసల్ కాస్త తగ్గించడం గురించి డాక్టర్ని అడగండి. మీ బేసల్ గ్లార్జిన్ అనే రకం అయితే అది ఒక దారి. డెగ్లూడెక్ అనే రకం అయితే ఒక్క రాత్రి తగ్గించి లాభం లేదు, దాని పని 42 గంటలకి పైగా సాగుతుంది. అప్పుడు పడుకునే ముందు ఏదైనా తినడమే.

గ్లూకాన్-డి డబ్బా ఎక్కడ పెట్టారో అతనికి చూపించండి. మాట్లాడుతుంటే, మింగగలిగితే మూడు చెంచాలు కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. మీటరు ఏ అంకె చూపించినా తనంతట తానుగా ఇన్సులిన్ మాత్రం పొడవకూడదు. ఇదంతా చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టదు, ఈ రాత్రే చెప్పండి. రేసుకి డబ్బులు కట్టడం రేపైనా కట్టొచ్చు.