మౌస్ సెల్ రెండు నెలలకే అయిపోతోంది, ఛార్జింగ్ మౌస్ కొంటే లాభమా?

ప్రశ్న: ఇంటి నుంచే పనిచేస్తాను. రోజుకు ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందే. నా వైర్‌లెస్ మౌస్‌కి ఒక ఏఏ సెల్ పడుతుంది. డబ్బా మీద 12 నెలలు వస్తుందని రాశారు, నాకు రెండు నెలలకే అయిపోతోంది. మూడింతలు పెట్టి ఛార్జింగ్ మౌస్ కొనమని తమ్ముడంటాడు. రీఛార్జబుల్ సెల్లు, ఛార్జర్ కొందామని మావారంటారు. ఏది లాభం? ఇంత చిన్న విషయం అడిగానని ఏమీ అనుకోకండి.

జవాబు: అనుకోవడానికేముందండీ. ఖర్చు చిన్నదే కానీ, పెద్ద ఖర్చుల దగ్గరా మనం చేసేది ఇదే: కారుతున్న కుండను అలాగే ఉంచి కొత్త బిందె బేరమాడతాం. 12 నెలలు రావలసినది రెండు నెలలకే పోతుంటే, మిగతా పది నెలలు ఎటు పోతున్నాయో ముందు తేలాలి. అప్పటిదాకా మీ తమ్ముడి మాటా వద్దు, మీవారి మాటా వద్దు.

సెల్‌ని బ్యాంకు ఖాతా అనుకోండి. మౌస్ వాడేలాంటి కొద్దిపాటి కరెంటుకు మంచి ఆల్కలైన్ ఏఏ సెల్ సుమారు 2,500 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత కరెంటు నిల్వ ఉందో కొలిచే లెక్క) ఇస్తుంది. అది నిల్వ. మీరు రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు పనిచేస్తే రెండు నెలలకు 416 గంటలు. భాగిస్తే గంటకు 6 ఎంఏహెచ్ ఖర్చు. అదే సెల్ 12 నెలలు రావాలంటే గంటకు ఒక్కటే ఖర్చవ్వాలి. అంటే మీ మౌస్ ఆరింతలు తాగుతోంది, లేదా ఖాతాలో మొదటి నుంచీ 2,500 లేవు.

నా అనుమానం ముందు రెండోదాని మీదే. మీరు వేస్తున్న సెల్ తీసి, ఒంటి మీద ఏం రాసుందో చదవండి. 'ఆల్కలైన్' అన్న మాట ఎక్కడా లేకుండా 'హెవీ డ్యూటీ' అని పెద్ద అక్షరాలతో ఉంటే అది జింక్ సెల్. పేరు ఘనం, సరుకు తేలిక: ఆల్కలైన్‌లో ఉండే నిల్వలో సగం కూడా అందులో ఉండదు. డబ్బా మీది 12 నెలల లెక్క సాధారణంగా ఆల్కలైన్‌తో వేసినది. పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, తక్కువలో వచ్చిందని చాలామంది దీన్నే తెచ్చుకుంటారు.

సెల్ మంచిదే అయితే అప్పుడు మౌస్ వైపు చూడాలి. మౌస్ కింద సెన్సర్ సెకనుకు వేల ఫొటోలు తీస్తూ, కింది నేల ఎటు జరిగిందో పోల్చి చూసుకుంటుంది. నల్లగా నిగనిగలాడే బల్ల మీద దానికి గురుతులు దొరకవు. చాలా సెన్సర్లు అలాంటప్పుడు వెలుతురు పెంచుకుంటాయి, అదంతా సెల్ ఖాతాలోంచే. మామూలు గుడ్డ మౌస్ ప్యాడ్ వేస్తే చాలు. ప్యాడ్ లేకపోతే ఒక వారం తెల్లకాగితం పరిచి చూడండి.

రిసీవర్, అంటే మౌస్ కబురు అందుకోవడానికి కంప్యూటర్‌కి గుచ్చే చిన్న ముక్క, ఎక్కడ గుచ్చారో కూడా చూడండి. కంప్యూటర్ వెనక నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో, పక్కనే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌తో ఉంటే గొడవే. యూఎస్‌బీ 3 పరికరాల నుంచి వచ్చే రేడియో రొద మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుందని ఇంటెల్ 2012లోనే కొలిచి చెప్పింది. మౌస్ చెప్పినది రిసీవర్‌కి వినపడక మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తుంది. బాణం గుర్తు ఆగి ఆగి కదులుతుంటే ఇదే కారణమై ఉండొచ్చు. రిసీవర్‌ని ముందువైపు పోర్టుకు మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో మౌస్ దగ్గరకి తెచ్చుకోండి.

ఇక స్విచ్. కదలకుండా ఉంటే మౌస్ దానంతటదే నిద్రపోతుంది, కాబట్టి బల్ల మీద ఉన్నప్పుడు ఆఫ్ చేయకపోయినా పెద్ద నష్టం లేదు. సంచిలో వేసుకుని తిరిగేటప్పుడు మాత్రం ప్రతి కుదుపుకీ లేచి కూర్చుంటుంది. అప్పుడు అడుగున ఉన్న స్విచ్ తప్పనిసరిగా నొక్కండి.

ఇవన్నీ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. ముందు ఆల్కలైన్ సెల్ వేసి, వేసిన తేదీ పెన్నుతో దాని మీదే రాయండి. నా మౌస్ సెల్ మీద ఎప్పుడూ ఓ తేదీ ఉంటుంది, మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనీండి.

ఇప్పుడు మీవారి లెక్క. ఒక ఆల్కలైన్ సెల్ ఖర్చు ఒక వంతు, రీఛార్జబుల్ సెల్ నాలుగు వంతులు, ఛార్జర్ పది వంతులు అనుకుందాం. మీకు దొరికే ధరలు వేరైతే అంకెలు మార్చుకోండి. రెండు సెల్లు, ఒక ఛార్జర్ కలిపి 18 వంతులు. ఇప్పటిలా ఏడాదికి ఆరు సెల్లు పోతుంటే పెట్టుబడి తిరిగి రావడానికి మూడేళ్లు. కన్నం పూడ్చి ఏడాదికి రెండు సెల్లకు దిగితే తొమ్మిదేళ్లు! ఒక్క మౌస్ కోసమైతే వద్దు. కీబోర్డు, టార్చి, పిల్లల బొమ్మలు కూడా ఆ ఛార్జర్ మీదే నడుస్తాయంటే మీవారిదే రైటు.

మీ తమ్ముడి మాట విషయంలో నాకు సందేహాలున్నాయి. లోపలి లిథియం అయాన్ బ్యాటరీ 300 నుంచి 500 పూర్తి ఛార్జింగుల తర్వాత నిల్వ శక్తి తగ్గుతుంది. ఒక ఛార్జింగ్‌కి రెండు నెలలు వచ్చే మౌస్‌కి ఏడాదికి ఆరుసార్లే కాబట్టి ఆ హద్దు దాకా వెళ్లం. అయినా వయసుతో, వేడితో, పూర్తిగా ఖాళీ అయి నెలలు పడి ఉండటంతో అది చచ్చిపోతుంది. ఏఏ సెల్‌లా తీసి పారేసి ఇంకోటి వేయలేం. చాలా మౌస్‌లలో స్క్రూలు కింది జారుడు పట్టీల వెనక దాగి ఉంటాయి. సెకనుకు వెయ్యిసార్లు కబురు పంపే గేమింగ్ మౌస్ వాడేవాళ్లకి సెల్లు త్వరగా అయిపోతాయి, వాళ్లకి ఛార్జింగ్‌దే సబబు. మీకు కాదు.

మూడింతలు పెట్టాలనే ఉంటే చేతికి కుదిరే ఆకారానికి, మంచి బటన్లకు పెట్టండి. రోజుకు 5,000 క్లిక్కులు, ఏడాదికి 300 రోజులంటే 15 లక్షలు. కోటి క్లిక్కులకు రేటింగ్ ఉన్న బటన్ ఆ లెక్కన ఆరున్నరేళ్ల పైమాట. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు పడటం మొదలైందంటే బటన్ ముసలిదైనట్టే.

అసలు నష్టం నాకు జరిగింది వేరే చోట. ఒకసారి రెండు నెలలు ఊళ్లో లేను, మౌస్ సెల్‌తో సహా సొరుగులో పడేసి వెళ్లాను. తిరిగొచ్చి మూత తీస్తే స్ప్రింగు చుట్టూ తెల్లటి పొక్కు. సెల్‌లోని పొటాషియం హైడ్రాక్సైడ్ కారి గట్టిపడింది. దూదికి కాస్త వెనిగర్ అద్ది తుడిచాను, పొక్కు పోయింది కానీ స్ప్రింగును అప్పటికే తినేసింది. కొన్ని వారాలు వాడకపోతే సెల్ తీసి పక్కన పెట్టండి.

మౌస్ వద్దన్న సెల్‌ని కూడా వెంటనే పారేయకండి. గోడ గడియారంలో వేస్తే ఇంకొన్నాళ్లు తిరుగుతుంది. తీరా ఛార్జర్ ఇప్పటికే కొనేసి ఉంటే ఒక్క మాట: రీఛార్జబుల్ సెల్ 1.2 వోల్టులే కాబట్టి మొదటి రోజు నుంచే బ్యాటరీ తక్కువుందని హెచ్చరిక కనిపించవచ్చు. నమ్మకండి, మౌస్ నిజంగా ఆగేదాకా వాడండి.