గ్రామసభలో గట్క సంగతి ఎత్తే ముందు

బిడ్డా,

బడి పిల్లల భోజనంలోకి జొన్నలు, రాగులు తెచ్చే విషయం గ్రామసభలో పెడతానని రాశావు. మంచిదే. కానీ సభలో "చిరుధాన్యాలు కావాలా?" అని మాత్రం అడగకు. అందరూ చేతులెత్తుతారు, మర్నాడు మళ్లీ సన్నబియ్యమే ఉడుకుతుంది. ఏ రోజు, ఏ వంట, రవ్వ ఎవరు పట్టిస్తారు, పైసలు ఎక్కడివి? ఈ నాలుగూ తేలేలా అడుగు.

ముందు నీ చేతిలో ఏముందో చూసుకో. మధ్యాహ్న భోజనం విద్యాశాఖది. ప్రాథమిక బడిలో ఒక్కో పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది తరగతులకైతే 150, 30, 75, 7.5 గ్రాములు. బియ్యం సర్కారు పంపుతుంది. మిగతా సరుకులు వంటవాళ్లే ముందు కొని, బిల్లు కోసం చూడాలి. పంచాయతీ తీర్మానంతో ఈ లెక్క మారదు. అందుకే "బియ్యానికి బదులు" అని రాయించకు, "బియ్యంతో పాటు" అని రాయించు. బదులు అన్నావంటే మిగిలిన బియ్యానికి లెక్క చెప్పలేక హెడ్మాస్టరు ఇరుక్కుంటాడు, జొన్నల ఖర్చు వంటవాళ్ల నెత్తిన పడుతుంది.

ఆ వంటవాళ్లతో సభ కన్నా ముందే కూర్చో. గిన్నెలు తోమడం అయ్యాక, బడి వరండాలోనే. సభలో సార్ల ముందు వాళ్లు నోరు విప్పరు. రొట్టె మాట ఎత్తితే నవ్వుతారు, అదీ న్యాయమే. 26 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఇద్దరే వంటవాళ్లు. మీ బడిలో అరవై మందికి రొట్టెలు చేత్తో కొట్టి కాల్చేసరికి బడి వదిలే వేళవుతుంది. జొన్న రవ్వ ఉడికించి చేసే గట్క, పిండితో కాచే జావ అయితే ఒక్క గంజులో తెములుతాయి. ధాన్యం కూడా అట్లే చూసి ఎంచుకో. కొర్రలు, సామలు, అరికెలకు పొట్టు తీసే మర కావాలి, అది మామూలు గిర్నీల్లో దొరకదు. జొన్నకు, రాగికి ఆ తిప్పలు లేవు.

మొదట వారానికి ఒక్కరోజు రాగి జావతో మొదలుపెట్టు. అరవై మందికి 600 గ్రాముల పిండి, 600 గ్రాముల బెల్లం, తొమ్మిది లీటర్ల నీళ్లు. పిండిని చల్లటి నీళ్లలో కలిపాకే ఎసరులో పోయాలి. నేరుగా మరిగే నీళ్లలో పోస్తే పైపొర ఉడికి, లోపల పచ్చిపిండితో ఉండలు కడుతుంది. బెల్లం విడిగా కరిగించి వడకట్టకపోతే అడుగున ఇసుక తగులుతుంది. ఖర్చుకు భయపడకు. 2025-26లో రాగుల మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. ఆ లెక్కన పూటకు పట్టే రాగులు ముప్పై రూపాయల లోపే. దుకాణంలో పిండి ధర దీనికన్నా ఎక్కువే ఉంటుంది, అది కనుక్కొని బెల్లంతో కలిపి రాసుకో.

జావ కుదిరాక గట్క. మనిషికి 40 గ్రాముల చొప్పున 2.4 కిలోల జొన్న రవ్వ పడుతుంది, రవ్వకు నాలుగింతల నీళ్లు. రవ్వను జల్లించాలి. దిగిన పిండి పారేయకుండా, రవ్వ ఉడికాక చివర్లో కలపాలి. మొదట్లోనే కలిపితే పిండి ముందే చిక్కబడి, రవ్వ పలుకుగా మిగిలిపోతుంది, అడుగూ అంటుతుంది. ఆరితే గట్టిపడుతుంది కాబట్టి దించిన అరగంటలో వడ్డించాలి. పిండిగానీ రవ్వగానీ పదిహేను రోజులకు సరిపడానే పట్టించండి. గింజలోని నూనె గాలి తగిలి చేదెక్కుతుంది, ఒక్కసారి చేదు తగిలిన పిల్ల మళ్లీ గిన్నె ముట్టదు. పట్టించే పని బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి అప్పగిస్తే బాగుంటుంది, దాన్ని నడిపేది మహిళా సంఘాల వాళ్లే.

సభ రోజు సంగతి. మన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొక గ్రామసభ జరగాలి. అయితే మిరపకాయ ఏరే రోజుల్లో పగటిపూట పెడితే ఆడవాళ్లు ఒక్కరూ రారు, పొద్దున్నే ఆటోలెక్కి పోతారు. మేడారం జాతర వారంలో ఊళ్లో తాళాలే. సభకు ముందు మూడు నాలుగు వాడల్లో రాత్రి ఏడున్నరకు చిన్న సమావేశాలు పెట్టు, అక్కడ జావ, గట్క రుచి చూపించు. ఇంట్లో పిల్లలకు వండేది ఎవరో వాళ్ల మాట అక్కడే వినబడుతుంది. చేతులెత్తించడం కన్నా రెండు చెంబులు పెట్టి, తలా ఒక కందిగింజ వేయించు. పెద్దరైతు ముందు కూలి మనిషి వేరే చెయ్యి ఎత్తడు. బడిలో పిల్లలతోనూ ఇట్లే వేయించు, తినేది వాళ్లే కదా.

టీకి ప్లాస్టిక్ కప్పులు తెప్పించకు. 2022 జూలై 1 నుంచి అవి నిషేధం. తిండి గురించి పెట్టిన సభలో అవి కనబడితే మొదటి గొడవ దానిమీదే.

మినిట్స్ పుస్తకం దగ్గర జాగ్రత్త. పేజీలకు నంబర్లుండాలి, రాతకూ సంతకాలకూ మధ్య ఖాళీ ఉండొద్దు. తీర్మానంలో వంట, రోజు, పరిమాణం, పైసలిచ్చేది ఎవరు, మొదలయ్యే తేదీ, అన్నీ రాయించి, సంతకాలకు ముందు పైకి చదివించు. "ప్రోత్సహించాలని తీర్మానించడమైనది" అన్న మాట రాస్తే కొట్టేయించు, దానితో ఎవరికీ ఏ పనీ పడదు. ఒక కాపీ మండల విద్యాధికారికి, ఒకటి ఎంపీడీఓకు ఇచ్చి ముద్ర వేయించుకో.

మొదలయ్యాక ప్రతిసారీ పళ్లాల్లో మిగిలింది ఒక బకెట్టులో పోయించి తూకం వేయించు. తేదీ, వంట, బరువు, తిన్న పిల్లల సంఖ్య, ఇంతే రాయాలి. రెండో వారానికీ బరువు తగ్గకపోతే ఉప్పో, చిక్కదనమో, పప్పు పలచనో చూడు, జొన్నను తిట్టకు. వచ్చే గ్రామసభలో మొదటి అంశంగా ఆ కాగితమే చదివించు.

నీ పెద్దబాపు