రికార్డులో ఏ పేజీ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా ఫెడరల్ కోర్టుల గురించే, అంటే రాష్ట్రాల కోర్టులు కాక కేంద్ర ప్రభుత్వ కోర్టుల గురించి. గుంటూరులో ఆరేళ్లు, న్యూజెర్సీలో ఇరవై రెండేళ్లు ప్లీడరీ చేసినవాణ్ని కాబట్టి రెండు చోట్ల అలవాట్లూ పక్కపక్కన పెట్టి చెబుతాను. మీ లాయరును ఏమి అడగాలో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది. లాయరుకు బదులుగా మాత్రం పనికిరాదు.

ప్రశ్న: న్యూజెర్సీ ఫెడరల్ కోర్టులో మా తమ్ముడి కొడుక్కి మోసం కేసులో జ్యూరీ శిక్ష వేసింది. ఆ సంతకాలు జరిగిన రోజు మావాడు ఆఫీసులోనే లేడని చెప్పడానికి అతని స్నేహితుడు ముందుకొచ్చాడు. అప్పీలులో అతన్ని సాక్షిగా పిలిస్తే కేసు కొట్టేస్తారా? (ఓ పెదనాన్న, ఒంగోలు)

పిలవరండీ. అప్పీలు కోర్టులో సాక్షి బోను ఉండదు, జ్యూరీ కూర్చునే చోటూ ఉండదు. ముగ్గురు జడ్జీలు, కింది కోర్టు నుంచి వచ్చిన కాగితాలు (వాటినే రికార్డు అంటారు), రెండు పక్షాల లాయర్లు, అంతే.

ముందుగా ఒక చిన్న సవరణ. జ్యూరీ శిక్ష వేయదు. పన్నెండు మందీ ఒక్క మాట మీద నిలబడి దోషి అంటారు, లేదా కాదంటారు. శిక్ష ఎంతన్నది జడ్జి తర్వాత తేలుస్తారు. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే అప్పీలు వ్యవహారమంతా దాని మీదే నడుస్తుంది. మన హైకోర్టు క్రిమినల్ అప్పీలులో సాక్ష్యాన్ని మొదటినుంచీ తిరగేసి తూచగలదు, అవసరమనుకుంటే అదనపు సాక్ష్యం కూడా తీసుకోమనగలదు. అమెరికాలో ఆ తూకం జ్యూరీ పని. సాక్షి ముఖం చూసినవారు, గొంతు వణికిందో లేదో విన్నవారు వాళ్లే. కాబట్టి పైకోర్టు వేసుకునే ప్రశ్న వేరు: ఉన్న సాక్ష్యాన్ని ప్రభుత్వం వైపు మొగ్గుగానే చూసినా, బుద్ధి ఉన్న జ్యూరర్ ఒక్కరైనా దీని మీద దోషి అనగలరా? అనగలరంటే ఆ పాయింటు అక్కడితో సరి. 1979లో జాక్సన్ వర్సెస్ వర్జీనియా తీర్పులో సుప్రీంకోర్టు పెట్టిన కొలబద్ద ఇది. దీన్ని దాటి గెలిచేవారు బహు తక్కువ. గెలిస్తే మాత్రం లాభం పెద్దది, మళ్లీ విచారించడానికి వీల్లేదు.

మిగిలిన పాయింట్లన్నీ కింది జడ్జి చేసిన తప్పుల మీద ఉంటాయి. రానివ్వకూడని సాక్ష్యం రానిచ్చారా, జ్యూరీకి చట్టం తప్పుగా చెప్పారా, శిక్ష లెక్క తప్పారా? అందులోనూ మీ లాయరు అప్పుడే లేచి అభ్యంతరం చెప్పి ఉండాలి. అప్పుడు ఊరుకుని ఇప్పుడు చెబితే, కళ్లకు కట్టినట్టు కనిపించే ఘోరమైన తప్పయితే తప్ప పట్టించుకోరు. అభ్యంతరం చెప్పి ఉన్నా, ఆ తప్పు ఫలితాన్ని మార్చేది కాదనిపిస్తే తీర్పు అలాగే ఉంచుతారు. ఉప్పు కాస్త ఎక్కువైందని వంటంతా పారబోయరు కదా, అలాగన్నమాట.

ఇది నాకు పుస్తకాల్లో చదివితే ఒంటబట్టలేదు. ఫిలడెల్ఫియాలో మార్కెట్ వీధిలో, న్యూజెర్సీ ఫెడరల్ అప్పీళ్లు వినే మూడో సర్క్యూట్ కోర్టులో మొదటిసారి వాదించిన రోజు ఒంటబట్టింది. గుంటూరులో మా సీనియర్ గారు కేసు కట్ట తాడు విప్పుతూనే కథ మొదలుపెట్టేవారు: ఊరు, పొలం గట్టు, పాత పగ. నేనూ అలాగే మా క్లయింటు కుటుంబం, కష్టాలు అంటూ ఎత్తుకున్నాను. రెండో వాక్యం పూర్తికాకముందే మధ్యలో కూర్చున్న జడ్జి, "కౌన్సెల్, అది రికార్డులో ఏ పేజీలో ఉంది?" అన్నారు. ఎక్కడా లేదు, క్లయింటు తల్లి నాకు ఫోనులో చెప్పిన మాట అది. ఎదురుగా బల్ల మీద పచ్చదీపం పసుపురంగుకు మారింది. పదిహేను నిమిషాల్లో సగం అపెండిక్స్ (రికార్డు కాగితాల కట్ట) పేజీలు తిప్పడానికే పోయింది.

అలా నిలబడి మాట్లాడే అవకాశం కూడా అందరికీ రాదు. ఎక్కువ అప్పీళ్లు రాతపూర్వక వాదన మీదే తేలిపోతాయి. దాన్ని బ్రీఫు అంటారు. పేరు అలా ఉన్నా 13,000 పదాల దాకా రాయవచ్చు. అసలు యుద్ధం అందులోనే. కాబట్టి నోరున్న లాయరు కోసం కాకుండా చేయి తిరిగిన లాయరు కోసం వెతకండి.

ఇక ఆ స్నేహితుడి సంగతి. కొత్త సాక్ష్యం దొరికితే శిక్ష వేసిన జిల్లా కోర్టులోనే (ఫెడరల్ కేసు విచారణ జరిగే కింది కోర్టు పేరు అదే) మళ్లీ విచారణ కోరుతూ పిటిషన్ వేయాలి. జ్యూరీ తీర్పు నుంచి మూడేళ్ల గడువు. కానీ అది నిజంగా కొత్తదై ఉండాలి, ముందు వెతికినా దొరికేది కాదని చూపాలి. ఆ రోజు తన పక్కన ఎవరున్నారో మీవాడికి అప్పుడే తెలుసు కదా? ట్రయల్‌లో ఎందుకు పిలవలేదన్నది మొదటి ప్రశ్నగా వస్తుంది. జవాబు సిద్ధం చేసుకోండి.

అన్నిటికంటే ముందు తేదీ చూడండి. శిక్ష తీర్పు నమోదైన నాటి నుంచి 14 రోజుల్లో అప్పీలు నోటీసు అదే జిల్లా కోర్టులో పడాలి. సివిల్ కేసుల్లో 30 రోజులు, ఎదుటి పక్షం అమెరికా ప్రభుత్వమైతే 60. క్రిమినల్ కేసులో సరైన కారణం చూపితే జిల్లా జడ్జి మరో 30 రోజుల దాకా పొడిగించవచ్చు. మన దగ్గరలాగా జ్వరం సర్టిఫికెట్ జతచేసి రెండేళ్ల ఆలస్యాన్ని మన్నించమని అడిగే దారి అక్కడ లేదు. ఎంత లేదంటే, ఒహైయోలో హత్యకేసు ఖైదీ ఒకరికి ఫెడరల్ జడ్జి 17 రోజుల అదనపు గడువు ఇచ్చారు. అతని కేసుకు వర్తించే వేరే నిబంధన ప్రకారం ఇవ్వగలిగింది 14 రోజులే. ఖైదీ జడ్జి మాట నమ్మి, ఆయన ఇచ్చిన గడువులోపే కానీ 14 రోజులు దాటాక నోటీసు వేశాడు. 2007లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో అప్పీలు చెల్లదంది. బౌల్స్ వర్సెస్ రసెల్ అంటారు. తప్పు చేసింది జడ్జి, నష్టపోయింది ఖైదీ. ఆ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ప్రశ్న: మా అబ్బాయి భయపడి నేరం ఒప్పుకున్నాడు. ఇప్పుడు అప్పీలు చేయవచ్చా? (ఓ తల్లి, హైదరాబాద్)

అమ్మా, అతను సంతకం పెట్టిన ఒప్పందం మొత్తం తెప్పించుకుని చదవండి. ఫెడరల్ క్రిమినల్ కేసుల్లో నూటికి తొంభైకి పైగా నేరం ఒప్పుకోవడంతోనే ముగుస్తాయి. ఆ కాగితాల్లో అప్పీలు హక్కు వదులుకుంటున్నానన్న వాక్యం తరచుగా ఉంటుంది. ఉన్నా కొన్ని తలుపులు మూసుకోవు: చట్టం అనుమతించిన దానికంటే ఎక్కువ శిక్ష పడటం, ఇష్టపూర్వకంగా ఒప్పుకోకపోవడం, లాయరు నిర్లక్ష్యం. మనవాళ్లకు ముఖ్యమైనది ఆఖరుదే. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదముందని లాయరు ముందే చెప్పి తీరాలని 2010లో పాడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు అంది. మీవాడికి చెప్పారా? చెప్పకపోతే అది మామూలు అప్పీలుగా కాకుండా, జిల్లా కోర్టులో విడి పిటిషన్‌గా వెళుతుంది. తీర్పు ఖాయమైన రోజు నుంచి సాధారణంగా ఏడాది గడువు.

ప్రశ్న: వంటగది పని సగంలో వదిలేసి కాంట్రాక్టరు 40 వేల డాలర్లతో మాయమయ్యాడు. అతనూ టెక్సాస్‌వాడే. నాది హెచ్-1బి వీసా. ఫెడరల్ కోర్టుకు వెళ్లవచ్చా? (ఓ ఇంజినీరు, డాలస్)

వెళ్లలేరు, మొత్తం చాలదు. ఇలాంటి ఒప్పందపు తగాదా ఫెడరల్ కోర్టుకు వెళ్లాలంటే ఇరుపక్షాలు వేర్వేరు రాష్ట్రాల పౌరులై ఉండాలి, లేదా ఒకరు విదేశీయులై ఉండాలి. వివాదం విలువ కూడా 75 వేల డాలర్లు దాటాలి. ఒక తమాషా చూడండి. ఆ పని 80 వేలదైతే, మీరు విదేశీయులు కాబట్టి ఆ తలుపు తెరుచుకునేది. అదే వీధిలో గ్రీన్‌కార్డు ఉన్న మీ స్నేహితుడికి మాత్రం తెరుచుకోదు, చట్టం అతన్ని టెక్సాస్‌వాడిగానే లెక్కేస్తుంది. కాంట్రాక్టరు కూడా వీసా మీదున్న మనవాడే అయితే ఇద్దరూ విదేశీయులు, మళ్లీ తలుపు మూత. వెళ్లినా ఫెడరల్ జడ్జి టెక్సాస్ చట్టమే వర్తింపజేస్తారు. రాష్ట్ర కోర్టులోనే వేసుకోండి.

ప్రశ్న: ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీకి ఫీజు కట్టి 2019లో వెనక్కి వచ్చినవాణ్ని. కేసు గెలిచామని ఎవరో అన్నారు. డబ్బు వస్తుందా? (ఓ పాత విద్యార్థి, నల్గొండ)

గెలిచింది కేసు కాదు, కేసు నడిపే హక్కు. తెలియనివారి కోసం కథ కొంచెం చెబుతాను. మిషిగన్‌లో డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్‌టన్ హిల్స్‌లో ఒక యూనివర్సిటీ వెలిసింది. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. నడిపింది వేషం మార్చిన ఇమిగ్రేషన్ అధికారులు. 2019 జనవరిలో గుట్టు విప్పి, విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మందిపై వీసా మోసానికి కుట్ర కేసు పెట్టారు. వారిలో చాలామంది తెలుగువాళ్లే. అది క్రిమినల్ వైపు.

సివిల్ వైపు ఒక విద్యార్థి అందరి తరఫునా వేసిన దావా ఇది: మా డబ్బు తీసుకున్నారు, చదువు చెప్పలేదు, ఒప్పందం తప్పారు. ఒప్పందం తప్పినందుకు అమెరికా ప్రభుత్వం మీద పెద్ద మొత్తం అడిగే దావా మామూలు జిల్లా కోర్టులో నడవదు. 1887 నాటి టకర్ చట్టం ప్రకారం వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో వేయాలి. ఆ కోర్టు విచారణ దాకా పోకుండానే కొట్టేసింది. ప్రభుత్వం వ్యాపారిగా కాక ప్రభుత్వంగా చేసిన పని కాబట్టి తన పరిధిలోకి రాదంది. అప్పీలు దాని పైకోర్టయిన ఫెడరల్ సర్క్యూట్‌కు వెళ్లింది. రెండు కోర్టులూ ఉన్నది వైట్‌హౌస్‌కు కూతవేటు దూరంలో ఒకే భవనంలో. 2024 జూన్‌లో పైకోర్టు ఆ కొట్టివేత తప్పని, కేసును కిందికి తిప్పి పంపింది.

ఒంగోలు పెదనాన్నగారికి చెప్పినదానికి ఇది తిరగేసినట్టుంది కదూ? ఇక్కడ జ్యూరీ లేదు, తూచడానికి సాక్ష్యమూ లేదు. తేల్చవలసింది చట్టం ప్రశ్న ఒక్కటే. అలాంటప్పుడు పైకోర్టు కింది కోర్టు అభిప్రాయానికి ఏమీ తలవంచదు, తానే కొత్తగా చూస్తుంది. దావాలో రాసిన సంగతులన్నీ నిజమే అనుకుని మొదలుపెడుతుంది కూడా. అంటే నిజమని తేల్చినట్టు కాదు. రుజువు చేయడం ఇంకా మిగిలే ఉంది. ఈ కోర్టులో దావాకు ఆరేళ్ల గడువు. మీ పేరు ఆ దావాలోకి వస్తుందో రాదో ఫీజు రసీదులు, ఈమెయిళ్లు పట్టుకుని వెంటనే అక్కడి లాయరును అడగండి.

ప్రశ్న: అక్కడి అప్పీలు వాదనలు ఇక్కడ కూర్చుని వినే వీలుందా? (ఓ లా విద్యార్థిని, విజయవాడ)

ఉంది, ఉచితంగానే. మూడో సర్క్యూట్ వాదనల ఆడియో పెడుతుంది, పశ్చిమ రాష్ట్రాల అప్పీళ్లు వినే తొమ్మిదో సర్క్యూట్ వీడియో ప్రత్యక్షంగా చూపిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయమంటే మీకు రాత్రి భోజనాలయ్యాక. ముందు రెండు బ్రీఫులూ చదివి వినండి, లేకపోతే సగం అర్థం కాదు. ఎవరికి ఎక్కువ ప్రశ్నలు పడ్డాయో లెక్కపెట్టి ఎవరు ఓడతారో చెప్పడం మా ఆఫీసులో పందెం. మీరూ వేసి చూడండి. నేను మాత్రం ఓడిన సార్లే ఎక్కువ, ఇరవై రెండేళ్లలో టీ డబ్బులు చాలానే కట్టాను.