ప్రోటీన్లను కోసే ఎంజైము తాను పుట్టిన కణాన్నే ఎందుకు కోసెయ్యదు?
అది పనిచేసే రూపంలో పుట్టదు కాబట్టి. దాని అమైనో ఆమ్లాల గొలుసు మొదట్లో ఉండే అదనపు ముక్క, ప్రోపెప్టైడ్, దాన్ని ఆపి ఉంచుతుంది. ఆపే తీరు అన్నిటికీ ఒకటి కాదు. పెప్సినోజెన్‌లో, అంటే కడుపులోని పెప్సిన్ ఎంజైము నిద్రాణ రూపంలో, సుమారు 44 అమైనో ఆమ్లాల ముక్క కోత జరిగే గాడిని నేరుగా మూసేస్తుంది. జఠరామ్లం వల్ల పీహెచ్ 4 కంటే తగ్గితే పట్టు వీడి, ఎంజైమే ఆ ముక్కను కోసుకుంటుంది.

క్లోమంలో పుట్టే ట్రిప్సినోజెన్‌ది, అంటే ట్రిప్సిన్ ఎంజైము నిద్రాణ రూపానిది, వేరే దారి. మనుషుల్లో ముక్క 8 అమైనో ఆమ్లాలే, గాడిని మూసేంత లేదు. చిన్నపేగులో ఎంటెరోపెప్టిడేజ్ అనే మరో ఎంజైము దాన్ని లైసీన్ అనే అమైనో ఆమ్లం తర్వాత కోస్తుంది. కొత్తగా బయటపడిన కొసలోని ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం లోపలికి దూరి, అక్కడున్న ఆస్పార్టేట్ అనే మరో అమైనో ఆమ్లంతో బంధం కడుతుంది; అప్పుడే కోత స్థలానికి సరైన ఆకారం వస్తుంది.

ఈ కోత క్లోమంలోనే జరిగితే ప్రమాదం. కొద్దిపాటి ట్రిప్సిన్‌నైతే స్పింక్1 అనే నిరోధకం పట్టేస్తుంది. మించితే ట్రిప్సిన్ మిగతా ఎంజైముల్నీ మేల్కొల్పుతుంది, ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) మొదలవుతుంది.