ఆ పాఠం వదిలేయకమ్మా

చిట్టితల్లికి,

ఆశీస్సులు. నీ మెసేజి మొన్న రాత్రి చూశాను. ఫోనులో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదనిపించి కాగితం ముందు కూర్చున్నాను. ఎనిమిదో తరగతిలో కౌమార దశ పాఠం దగ్గరికి వచ్చి ఆగిపోయానని రాశావు. "ఇంటి దగ్గర చదువుకోమని చెప్పి వదిలేయండి మేడం, ఎందుకొచ్చిన గొడవ" అని స్టాఫ్‌రూములో పెద్దవాళ్లే అన్నారని, ఇవన్నీ తల్లిదండ్రులు చెప్పుకోవాల్సినవి కదా అని నీకూ అనిపిస్తోందని రాశావు.

నువ్వే చెప్పాలమ్మా. బడే చెప్పాలి. కాకపోతే పిల్లలకు చెప్పే ముందు వాళ్ల తల్లులకు చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్లు కర్నూలు జిల్లాలో జీవశాస్త్రం చెప్పాను. ఈ రెండో మాట తెలుసుకోవడానికే నాకు సగం సర్వీసు పట్టింది.

తల్లిదండ్రులే చెప్పాలనే మాట వినడానికి బాగుంటుంది. కానీ నీ బడి ఉన్నది కోసిగి పక్కన. దీపావళి దాటితే అక్కడ ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీతలకు, మిరప కోతలకు గుంటూరు వైపు మూటాముల్లె సర్దుకుని పోయినవాళ్లు మళ్లీ ఉగాదికి గానీ తిరిగి రారు. పిల్లలు అవ్వ దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో ఉంటారు. లేదా బడి మానేసి చేలల్లో ఉంటారు. పదమూడేళ్ల పిల్లకు ఒంట్లో మార్పు రావడానికి మిరప కోతలు అయిపోయే దాకా ఆగదు కదా. ఆ నాలుగైదు నెలలూ ఆ పిల్లకు తెలిసిన చదువుకున్న ఆడమనిషి నువ్వొక్కతివే.

నా సర్వీసు మొదట్లో నేనూ ఆ పాఠం దాటేశాను. 1994లో, జనవరి నెలలో. "ప్రశ్నలు జవాబులు నోట్సులో రాయిస్తాను, చదువుకోండి" అన్నాను. మగపిల్లలు కిసుక్కుమన్నారు, ఆడపిల్లలు తల దించుకున్నారు, నేను తర్వాతి పాఠం మొదలుపెట్టాను. పది రోజులు గడిచాయో లేదో, ఒక సాయంత్రం బడి వదిలాక చివరి బెంచీలో ఒక పిల్ల లేవకుండా కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్లాను. రెండు చేతులతో బెంచీ అంచును ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ల కొసలు తెల్లబడ్డాయి. లేవమంటే లేవదు. చాలాసేపటికి, "మేడం, నేను చచ్చిపోతున్నాను, అవ్వకు చెప్పొద్దు" అంది. లోపల ఏదో తెగిపోయిందనుకుంది. మధ్యాహ్నం నుంచి అలాగే కూర్చుని ఉందట, అన్నానికి కూడా లేవలేదు. అమ్మానాన్నలు మిరప చేలలో ఉన్నారు. నా శాలువా ఆ పిల్ల నడుముకు చుట్టి ఇంటికి తీసుకెళ్తూ దారి పొడుగునా ఆ పాఠం చెప్పాను. తరగతిలో ముప్పావు గంటలో చెప్పాల్సిన పాఠమది. చెప్పి ఉంటే ఆ పిల్ల ఆ పూటంతా చావుభయంతో కూర్చునేది కాదు. ఆ వేళ్లు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటాయి. ఆ తర్వాత ఏ ఏడాదీ ఆ పాఠం వదల్లేదు.

నిజానికి ఎనిమిదో తరగతి అంటే ఆలస్యమే. తొమ్మిదేళ్లకు మొదలుకొని పదిహేనేళ్ల లోపు ఎప్పుడైనా రుతుక్రమం మొదలు కావచ్చు. అందుకని ఆరో తరగతి ఆడపిల్లలను కూడా ఒక పూట విడిగా కూర్చోబెట్టు. గర్భాశయం లోపల ప్రతి నెలా ఒక మెత్తటి పొర తయారవుతుందని, గర్భం రానప్పుడు అది రక్తంతో పాటు బయటికి వస్తుందని చెప్పు. మూడు నుంచి ఏడు రోజులు ఉంటుందని, మొదటి ఒకటి రెండేళ్లు ఒక నెల రాకపోయినా, ముందు వెనకలైనా కంగారు పడనక్కర్లేదని చెప్పు. ప్యాడ్ అయినా గుడ్డ అయినా నాలుగైదు గంటలకొకసారి మార్చుకోవాలి. గుడ్డను ఎవరికీ కనబడకుండా మంచం కింద ఆరేస్తారు మనవాళ్లు. దాన్ని సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయడానికి సిగ్గుపడొద్దని గట్టిగా చెప్పు. ప్రభుత్వం 2021లో 'స్వేచ్ఛ' పేరుతో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకు నెలకు పది న్యాప్‌కిన్లు ఇచ్చే పథకం తెచ్చింది. మంచి పనే. అయితే ప్యాకెట్టుతో పాటు మాట కూడా చేతికి అందాలి. ఆ మాట నువ్వు ఇవ్వాలి.

మన ఊళ్లలో పిల్ల పెద్దమనిషి అయితే మేనమామ చీర తెస్తాడు, చిమ్మిలి పెడతారు, ఫ్లెక్సీ కట్టించి మైకు పెట్టి ఊరందరికీ చెబుతారు. పెట్టే పెట్టు మంచిదే. నువ్వులు, బెల్లం ఆ వయసు పిల్లకు బలం. కానీ ఊరందరికీ చెప్పిన సంగతి ఏమిటో ఆ పిల్లకు మాత్రం ఎవరూ వివరించరు. ఫంక్షన్ అయిన మర్నాడే సంబంధాలు మొదలవుతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 2019–21 లెక్కల ప్రకారం, మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల వయసు ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లయింది. 15 నుంచి 19 ఏళ్ల వాళ్లలో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో, గర్భిణులో. ఇంకా చిన్నపిల్లలు, చెప్పకూడదు అనేవాళ్లకు ఈ లెక్క చూపించు. పెళ్లి చేయడానికి అడ్డురాని చిన్నతనం పాఠం చెప్పడానికి ఎందుకు అడ్డు వస్తుందో వాళ్లనే అడుగు.

ఇక తరగతిలో ఎలా మొదలుపెట్టాలన్నది. అన్నిటికంటే కష్టమైనది మాటలమ్మా. మన పిల్లలకు ఆ అవయవాల పేర్లు తెలియక కాదు, బూతులుగా మాత్రమే తెలుసు. తిట్టుకోవడానికి తప్ప ఆ మాటలు వాళ్ల నోట ఎప్పుడూ రాలేదు. పుస్తకంలోనేమో సంస్కృత పదాలు. ఈ రెంటికీ మధ్య మర్యాదైన వాడుక మాట ఒక్కటి కూడా మనం మిగుల్చుకోలేదు. నేను పుస్తకం మాటలనే పట్టుకున్నాను. బోర్డు మీద పెద్ద అక్షరాలతో శిశ్నం, ముష్కాలు, యోని, గర్భాశయం, అండాశయం అని రాసి, గుండె, ఊపిరితిత్తులు అన్నంత మామూలు గొంతుతో అందరి చేతా మూడుసార్లు పలికించేదాన్ని. మొదటిసారి నవ్వుతారు. నవ్వనివ్వు, కోప్పడకు. రెండోసారికి నవ్వు సన్నబడుతుంది. మూడోసారికి అది వట్టి పాఠం అయిపోతుంది. నీ గొంతు వణికితే మాత్రం ఇదేదో తప్పు సంగతే అని వాళ్లు ఖాయం చేసుకుంటారు. ముందు రోజు ఇంట్లో తలుపు వేసుకుని నువ్వొక్కదానివే పైకి పలికి చూసుకో. నేనూ అలాగే చేశాను.

ప్రశ్నలు నోటితో అడగరు. ఖాళీ చాక్‌పీసుల డబ్బాకు పైన చీలిక పెట్టి బల్ల మీద ఉంచు. అందరికీ ఒకే కొలత చీటీలు ఇవ్వు. ప్రశ్న ఉన్నా లేకపోయినా ప్రతి ఒక్కరూ చీటీ వేయాలి, ప్రశ్న లేనివాళ్లు "ఏమీ లేదు" అని రాసి వేయాలి. అప్పుడు ఎవరు అడిగారో ఎవరికీ తెలియదు. చేతిరాత నువ్వు గుర్తుపట్టినా గుర్తుపట్టనట్టే ఉండు. చీటీలు ఇంటికి తీసుకెళ్లి చదువుకుని మర్నాడు జవాబు చెప్పు. తెలియనిదాన్ని తెలుసుకుని చెబుతానను, చెప్పి తీరు.

ఆ చీటీల్లో నా గుండెను ఎక్కువ మెలిపెట్టినవి మగపిల్లలవే. "రాత్రి నిద్రలో బట్టలు తడుస్తున్నాయి. నాకు ఏ జబ్బు? డబ్బులు కూడబెడుతున్నాను" అని రాశాడు ఒకడు. డబ్బులెందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. బస్టాండు గోడల మీద నరాల బలహీనత, సుఖవ్యాధులు, ఫలానా లాడ్జిలో ఫలానా రోజు అని రాసి ఉంటుంది చూడు, వాళ్ల దగ్గరికి వెళ్లడానికి. ఒక చుక్క వీర్యం నలభై చుక్కల రక్తం అని ఎవరో చెప్పారట. పదమూడేళ్ల పిల్లవాడు తన రక్తం కారిపోతోందని భయపడి కూలి డబ్బులు దాచుకుంటున్నాడు! అది స్వప్న స్ఖలనమని, ఆ వయసులో మామూలని, దాంతో రక్తానికి గానీ బలానికి గానీ సంబంధం లేదని, మందు అక్కర్లేదని మర్నాడు అందరికీ కలిపి చెప్పాను. ఆడపిల్లలకు కనీసం ఒక అవ్వ అయినా ఉంటుంది. మగపిల్లలకు గోడ రాతలు, ఇప్పుడైతే ఫోను. వాళ్లను మర్చిపోకు. నీతో మాట్లాడడానికి జంకుతారు కాబట్టి నెమ్మదస్తుడైన మగ టీచరును ఒకరిని తోడు తీసుకో. రుతుక్రమం గురించి మగపిల్లలకు కూడా చెప్పు. తోటి పిల్ల లంగా మీద మరక చూసి నవ్వేవాడు తెలియకే నవ్వుతాడు.

ఫోను గురించి ఒక మాట. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, పిల్లల అశ్లీల దృశ్యాలను చూడడం, దాచుకోవడం నేరమని తీర్పు ఇస్తూ, లైంగిక విద్య పాశ్చాత్య భావన అనే అపోహ పోవాలని కూడా చెప్పింది. మీ హెడ్మాస్టరు వెనకాడితే ఆ సంగతి చెప్పు. చెబితే పిల్లలు చెడిపోతారని ఆయన అంటే, దేశదేశాల్లో జరిగిన అధ్యయనాలను యునెస్కో పరిశీలించి, ఈ చదువు వల్ల పిల్లలు లైంగిక చర్యలకు తొందరపడడం పెరగదని 2018లో తేల్చిందని కూడా చెప్పు. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు కౌమార విద్యా కార్యక్రమాన్ని నిలిపివేసినప్పుడు మా స్టాఫ్‌రూములో కూడా పెద్ద వాదనే జరిగింది. అంత వాదనలోనూ పిల్లలను ఎవరూ ఏమీ అడగలేదు.

పాఠం చెప్పాక ఒక బిడ్డ నీ దగ్గరికి వచ్చి తనకు జరిగిన అన్యాయం చెప్పే అవకాశం ఉంది. దానికి సిద్ధపడే పాఠం మొదలుపెట్టు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పడం నీ బాధ్యత. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. 18 ఏళ్ల లోపు ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా అదే చట్టం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు తరగతి గోడ మీద రాయించు. బిడ్డను గుచ్చిగుచ్చి అడగకు, చెప్పినంత విను. "నువ్వు చెప్పడం మంచిదైంది, తప్పు నీది కాదు" అను. పెద్దలు పంచాయతీ పెట్టి సర్దుబాటు చేద్దామని వస్తారు. ఒప్పుకోకు.

ఇప్పుడు తల్లుల సంగతి. గొడవకు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామందికి పాఠం మీద కోపం ఉండదు. మాకు తెలియకుండా మా పిల్లకు ఏదో చెప్పారే అన్నదే వాళ్ల బాధ, అది న్యాయమైన బాధే. అందుకే పాఠానికి వారం ముందు తల్లులను పిలిచి, అదే చార్టు, అవే మాటలు వాళ్లకు ముందు చెప్పు. వలస పోయినవాళ్లు ఉగాదికి వస్తారు కాబట్టి వాళ్ల కోసం పండగ తర్వాత ఇంకోసారి పెట్టు. పనికి పోయే వేళ పెట్టకు, రాత్రి భోజనాలయ్యాక పెట్టు.

నేను అలా పెట్టిన ఒక సమావేశంలో, బిడ్డ ఆడో మగో అన్నది తండ్రి నుంచి వచ్చే ఎక్స్, వై క్రోమోజోముల మీద ఆధారపడుతుందని బొమ్మ గీసి చెప్పాను. మిరప చేల నుంచి వచ్చిన రెండో రోజు అనుకుంటాను, ముందు వరసలో ఒకామె చేతుల మంట తగ్గక తడి కొంగు చుట్టుకుని కూర్చుంది. "ఇంకోసారి చెప్పండి మేడం" అంది. చెప్పాను. ఇంకోసారి అడిగింది. మూడోసారి చెప్పాక, "ముగ్గురు ఆడపిల్లలను కన్నానని ఏడేళ్లుగా నన్ను అంటున్నారు" అని ఆ తడి కొంగుతోనే ముఖం కప్పుకుంది. కారం కళ్లలో పడుతుందని పక్కనున్నామె ఆ చేతులను లాగి పట్టుకుంది. నా పాఠాన్ని ఆ రోజు నుంచి ఏ తల్లీ అడ్డుకోలేదు. తరగతిలోకి పిల్లలను వాళ్లే తోలారు.

ఇంటి వంతు కూడా వాళ్లకు అక్కడే అప్పగించు. మూడు నాలుగేళ్ల బిడ్డకు నీళ్లు పోసేటప్పుడే ఒంట్లో అన్ని భాగాల పేర్లూ చెప్పమను. అక్కడ ఎవరైనా ముట్టుకుంటే, మామ అయినా తాత అయినా, వచ్చి చెప్పమని బిడ్డకు చెప్పమను. "నిన్ను తిట్టను" అనే మాట తప్పకుండా కలపమను. చాలామంది పిల్లలు దెబ్బలకు భయపడే దాచుకుంటారు.

నా దగ్గర రెండు పాత చార్టులు ఉన్నాయి, స్త్రీ, పురుష ప్రత్యుత్పత్తి వ్యవస్థలవి. వెనక గుడ్డ అంటించి ఉంది, ఒకదానికి మూల చిరిగింది, అతికించుకో. రేపు కర్నూలు బస్టాండులో ఆర్టీసీ కార్గోలో వేస్తాను. ఆదోనిలో తీసుకో. శనివారం నేను ఖాళీ. తల్లుల సమావేశం ఆ రాత్రికి పెట్టుకుంటే నేనూ వచ్చి పక్కన కూర్చుంటాను. పాఠం మాత్రం నువ్వే చెప్పాలి.

నీ టీచరు